మూడు కాగితాల మందం: పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక వస్తువుతో మొదలుపెడదాం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా: నా చేతిలో ఒక పిస్టన్ ఉంది. 150 సీసీ బండిది. దాని నెత్తి మీద నెలవంక ఆకారంలో లోతుగా ఒక గాటు ఉంది. పక్కన ఒక వాల్వు కాడ. కాడ అని ఎందుకన్నానంటే, తల లేదు. తల ఊడి సిలిండర్‌లో పడిపోయింది. పడినప్పుడు నేను ఆ బండి మీదే ఉన్నాను. నా వెనక నా ఫ్రెండ్ కూర్చుని ఉన్నాడు. మేం లంబసింగి ఘాట్ ఎక్కుతున్నాం.

మాది నర్సీపట్నం. మా ఊరివాళ్లకి ఈ ఘాట్ సంగతి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకి ఒక మాట: డిసెంబరు, జనవరి వచ్చిందంటే తెల్లారకుండానే కుర్రాళ్లు బైకులేసుకుని మా ఊరి మీదుగా లంబసింగి మంచు చూడ్డానికి వెళ్తారు. ఊరు దాటితే కొండ, కొండెక్కితే మలుపులు. ఈ మన్యం రోడ్లకి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో బాస్టియన్ అనే తహసీల్దారు మన్యం జనం చేత కూలి సరిగ్గా ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట కూడా కలిసే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అది పెద్ద కథ, ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఈరోజు కథ చిన్నది. ఎంత చిన్నదంటే, మిల్లీమీటర్లలో కొలవాలి.

అసలేం జరిగింది

నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాను. ఆన్‌లైన్‌లో ఒక పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ కొన్నా. క్యామ్ అంటే తెలియనివాళ్లకి: వాల్వుల్ని ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అని ఇంజిన్‌కి చెప్పే కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు వెడల్పయితే వాల్వు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, పై ఆర్‌పీఎమ్‌లో గాలి బాగా పడుతుంది, బండి లాగుతుంది. ఇంతవరకూ నాకు తెలుసు. మిగతాది మా మావయ్యకి తెలుసనుకున్నా.

మావయ్యది మెకానిక్ షెడ్డు, మా ఊళ్లోనే. ఇరవై ఏళ్లకు పైగా చేయి తిరిగిన మనిషి. ఆయన చేతిలో పడ్డ ఆర్ఎక్స్ 100 అంటే చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. క్యామ్ చూసి, "ఇది వేస్తే సరిపోదురా అల్లుడూ, హెడ్డు కూడా కొంచెం దింపిద్దాం, కంప్రెషన్ వస్తది" అన్నాడు. లేత్ దగ్గరికి తీసుకెళ్లి హెడ్డు ఒక మిల్లీమీటరు చెక్కించాం. బిగించాం. టాపెట్ సెట్ చేశాం. కిక్ కొడితే మొదటి దెబ్బకే స్టార్ట్ అయింది. ఆ సౌండ్ విని నేను గాల్లో తేలిపోయా.

రెండు రోజులు బాగా తిరిగింది. మూడో రోజు ఘాట్‌లో, సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉన్నాను. టక్‌మని ఒక శబ్దం. వెనక చక్రం పట్టేసింది. క్లచ్ నొక్కేలోపే బండి అడ్డం తిరిగి ఇద్దరం పడ్డాం. ఎదురుగా లారీ వస్తోంది. అతను బ్రేక్ వేశాడు కాబట్టి ఈరోజు మీతో మాట్లాడుతున్నా. నా ఫ్రెండ్‌కి మణికట్టు విరిగింది. వాడి పరీక్షలు పోయాయి. వాడిప్పటికీ నాతో మాట్లాడతాడు గానీ, నా వెనక మాత్రం ఎక్కడు.

పక్కరోజు షెడ్డులో హెడ్డు విప్పితే ఇదిగో, ఈ పిస్టన్, ఈ కాడ. మావయ్య చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. నేను తిడతాడనుకున్నా. ఆయన అన్నది ఒకటే. "నువ్వు సేసింది కాదురా ఇది. నా సెయ్యి సేసింది. ఈ సెయ్యి వాల్వుల్లేని ఇంజిన్ మీద నేర్సుకుంది."

ఆ మాట నాకు అప్పుడర్థం కాలేదు. తర్వాత చదివితే, అందులో వందేళ్ల ఇంజిన్ చరిత్ర ఉందని తెలిసింది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

క్షమించే ఇంజిన్లు

మొదట్లో పిస్టన్‌కీ వాల్వుకీ గొడవే లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ తీసుకోండి. దాని వాల్వులు సిలిండర్ పైన ఉండవు, పక్కన ఉంటాయి. సైడ్ వాల్వ్ అంటారు. పిస్టన్ తన బావిలో పైకీ కిందకీ తిరుగుతుంది, వాల్వులు పక్క గదిలో లేచి పడుతుంటాయి. ఇద్దరూ ఒకరి దారిలో ఒకరు రారు. కంప్రెషన్ కూడా సుమారు 4కి 1 మాత్రమే. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 కూడా సైడ్ వాల్వే. అమెరికాలో కుర్రాళ్లు దానికి పెద్ద క్యామ్‌లు వేసి ఎండిపోయిన సరస్సుల మీద రేసులు పెట్టుకునేవారు. ఎడ్ విన్‌ఫీల్డ్ అనే ఆయన క్యామ్‌లు చెక్కడంలో గురువులాంటివాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎడ్ ఇస్కెండేరియన్ అదే దారిలో క్యామ్‌ల వ్యాపారం పెట్టాడు. ఆ ఫ్లాట్‌హెడ్‌లో మరీ పెద్ద క్యామ్ వేస్తే వాల్వు వెళ్లి హెడ్డుకి తగలొచ్చు గానీ, పిస్టన్‌కి మాత్రం తగలదు.

మనవాళ్ల కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. జి.డి.నాయుడు పేరు విన్నారా? 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద రావడం చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బులు కూడబెట్టి ఆ బండే కొన్నారు. కొని ఏం చేశారంటే, మొత్తం విప్పేశారు. మళ్లీ బిగించారు. ఇంజినీరింగ్ కాలేజీ లేదు, సార్ లేడు. ఏ ముక్క ఎక్కడ తిరుగుతుంది, దేనికి తగులుతుంది అన్నది చేత్తో తిప్పి నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, తర్వాత పెద్ద రవాణా సంస్థ నడిపారు. నాకు ఆయన కథలో నచ్చేది బస్సులు కాదు. ఆ మొదటి విప్పడం, బిగించడం.

మరి గొడవ ఎప్పుడు మొదలైంది? వాల్వులు సిలిండర్ నెత్తి మీదకి ఎక్కినప్పుడు. పైనుంచి గాలి తిన్నగా పడితే పవర్ ఎక్కువ వస్తుందని రేసు ఇంజినీర్లకి ముందే తెలుసు. 1912లో ఫ్రాన్స్‌లోని డియెప్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ రేసు ప్యూజో కారు గెలిచింది. జార్జ్ బోయిలో నడిపాడు. దాంట్లో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు. ఇప్పుడు మీ బైకు మీద స్టిక్కర్ వేసి అమ్ముతున్న టెక్నాలజీ వందేళ్ల కిందటిది.

రెండో మార్పు పెట్రోల్‌లో వచ్చింది. పాత పెట్రోల్‌తో కంప్రెషన్ పెంచితే ఇంజిన్ నాకింగ్ చేసేది. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం పెట్రోల్‌లో సీసం కలిపితే నాకింగ్ తగ్గుతుందని కనిపెట్టింది. 1923లో ఆ పెట్రోల్ అమ్మకానికొచ్చింది. ఆ సీసం ఎంత విషమో, దాన్ని వదిలించుకోడానికి ప్రపంచానికి ఎన్నేళ్లు పట్టిందో అది వేరే కథ. మనకి కావాల్సింది ఇది: మంచి పెట్రోల్ వచ్చాక కంప్రెషన్ పెంచగలిగారు. కంప్రెషన్ పెంచడమంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ తగ్గించడం. వాల్వులు పైనుంచి దిగుతున్నాయి, పిస్టన్ కిందనుంచి వస్తోంది, మధ్యలో గది చిన్నదైపోయింది. ఒకే వరండాలో రెండు తలుపులు ఎదురెదురుగా తెరుచుకుంటే ఏమవుతుంది? టైమింగ్ కుదిరితే ఏమీ కాదు. కుదరకపోతే తలుపులు కొట్టుకుంటాయి.

మన దగ్గర ఆ గొడవ ఎందుకు తెలియలేదు

ఇండియాలో 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూర్‌లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. బుల్లెట్ 350 అంటే 70 మిల్లీమీటర్ల బోర్, 90 మిల్లీమీటర్ల స్ట్రోక్, 346 సీసీ. వాల్వులు పైనే ఉంటాయి. కానీ పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో కంప్రెషన్ తక్కువ, ఇంజిన్ నిదానంగా తిరిగేది. లోపల చోటు చాలా ఉండేది. చిన్న చిన్న తప్పుల్ని అది క్షమించేసేది.

తర్వాత టూ స్ట్రోక్ రాజ్యం. మైసూరు జావాలు, యెజ్డీలు. 1985లో యమహా ఆర్ఎక్స్ 100. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు తక్కువ. మా మావయ్య తరం మొత్తం ఆ బండి మీద పెరిగింది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ మీదకి దిగే వాల్వులే ఉండవు. ఇన్‌టేక్ దారిలో రీడ్ వాల్వు ఉంటుంది గానీ, అది పిస్టన్ నెత్తికి ఎక్కడో దూరం. సిలిండర్ గోడల్లో ఉన్న రంధ్రాల్ని పిస్టనే మూసి తెరుస్తుంది. కాబట్టి పవర్ కావాలంటే మెకానిక్ ఏం చేస్తాడు? పోర్టులు ఆకురాయితో అరగదీస్తాడు, సైలెన్సర్ మారుస్తాడు, హెడ్డు లేత్ మీద చెక్కిస్తాడు. హెడ్డు చెక్కిస్తే కంప్రెషన్ పెరుగుతుంది. మరీ ఎక్కువ చెక్కితే తప్ప పెద్ద ప్రమాదం లేదు.

రేసుల వాతావరణం కూడా అదే నేర్పింది. చెన్నైకి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. మనం తుని దగ్గర ఎక్కే హైవే మీదనే దక్షిణానికి పోతే, నెల్లూరు దాటాక, చెన్నై ఇంకా రాకముందే వస్తుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. ఆ రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు నడిపారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో స్పీడు అంటే షోలవరమే. అక్కడ టూ స్ట్రోక్ బండ్ల అరుపు విన్నవాళ్లు ఊళ్లకి తిరిగొచ్చి అదే పని చేశారు. ఆ విద్య చేతి నుంచి చేతికి నర్సీపట్నం దాకా వచ్చింది. తప్పుడు విద్య కాదు, ఆ ఇంజిన్‌కి సరైన విద్యే.

కానీ ఇంజిన్ మారిపోయింది. అదే 1985లో హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది, ఫోర్ స్ట్రోక్. 1994లో స్ప్లెండర్. 1996లో ఆర్ఎక్స్ 100 ఆగిపోయింది. 2000 ఏప్రిల్ 1 నుంచి పొగ నిబంధనలు గట్టిపడ్డాయి, 2005లో ఇంకా గట్టిపడ్డాయి. టూ స్ట్రోక్ బైకులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. 2001లో పల్సర్ వచ్చాక కుర్రాళ్ల స్పీడు మోజు మొత్తం ఫోర్ స్ట్రోక్ మీదకి మారింది. చిన్న గది, 9కి 1 దగ్గర్లో కంప్రెషన్, నిమిషానికి ఎనిమిది వేలు, తొమ్మిది వేలు తిరుగుళ్లు. బండి మారింది, చెయ్యి మారలేదు. మావయ్య అన్నది ఇదే.

అసలు తగిలేది ఎక్కడ

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, స్కూల్ లెక్కే.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక పని పూర్తి చేయడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి మంట కోసం, అప్పుడు వాల్వులు రెండూ మూసి ఉంటాయి. ఇంకోసారి పొగ బయటికి తోయడానికి. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు, ఇన్‌లెట్ వాల్వు అప్పుడే తెరుచుకోవడం మొదలవుతుంది. రెండూ కొంచెం కొంచెం తెరిచి ఉన్న ఆ టైమ్‌ని ఓవర్‌ల్యాప్ అంటారు. ప్రమాదమంతా ఇక్కడే. 8,000 ఆర్‌పీఎమ్‌లో ఈ గండం సెకనుకి సుమారు 66 సార్లు వస్తుంది.

చాలామంది అడిగే ప్రశ్న: "బ్రో, క్యామ్ లిఫ్ట్ ఎంత?" అది సగం ప్రశ్నే. వాల్వు పూర్తిగా తెరుచుకునే టైమ్‌కి పిస్టన్ చాలా కిందికి వెళ్లిపోయి ఉంటుంది. సుమారు 50 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజిన్‌లో అప్పటికి 35 మిల్లీమీటర్ల దాకా దిగిపోతుంది. అక్కడ తగలదు. తగిలేది పిస్టన్ పైన ఉన్నప్పుడు. పిస్టన్ పై చివర దాటి క్రాంక్ 10 డిగ్రీలు తిరిగినా, అది దిగేది అర మిల్లీమీటరే. అంటే పైన అది దాదాపు నిలబడిపోతుంది. అదే టైమ్‌లో పెద్ద క్యామ్ ఇన్‌లెట్ వాల్వుని గబగబా కిందికి తోస్తుంటుంది. అందుకే ఇన్‌లెట్ అతి దగ్గరగా వచ్చేది పై చివర దాటిన 10 డిగ్రీల ప్రాంతంలో. ఎగ్జాస్ట్ అతి దగ్గరగా వచ్చేది పై చివరకి రాకముందు 10 డిగ్రీల ప్రాంతంలో. అప్పుడు వాల్వు ముందు పరిగెడుతుంటే పిస్టన్ వెనకనుంచి తరుముతున్నట్టు ఉంటుంది.

ఆ పరుగులో వాల్వుని వెనక్కి లాగేది స్ప్రింగ్ ఒక్కటే. ఆర్‌పీఎమ్ మరీ పెరిగితే స్ప్రింగ్ అందుకోలేదు, వాల్వు క్యామ్‌ని వదిలి గాల్లో తేలుతుంది. దాన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. ఇంకో సంగతి, ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది. అందుకే ఎగ్జాస్ట్ వైపు ఖాళీ ఎప్పుడూ ఎక్కువ వదలాలి. నా బండి ఐడిల్‌లో, ఊళ్లో బాగానే తిరిగి ఘాట్‌లో ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైందా? స్టార్ట్ అయింది కాబట్టి సరిపోయిందనుకోవడం మేం చేసిన అసలు తప్పు.

ఈ స్ప్రింగ్ గొడవే వద్దని కొందరు దారే మార్చారు. 1954లో మెర్సిడెస్ రేసు కారు డబ్ల్యూ 196లో వాల్వుని తెరవడానికీ, మూయడానికీ కూడా క్యామే పెట్టారు. 1956లో డుకాటి ఇంజినీరు ఫాబియో తాల్యోని రేసు బైకులో అదే పెట్టాడు. మన బండ్లలో అది లేదు. మనకి స్ప్రింగే దిక్కు. కాబట్టి ఖాళీ మనమే చూసుకోవాలి.

పిల్లల క్లేతో పరీక్ష

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. పాత రేసు షెడ్లలో వాడిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. కావాల్సింది పిల్లలు ఆడుకునే క్లే, ఒక వెర్నియర్, ఓపిక.

హెడ్డు విప్పాక పిస్టన్ నెత్తి శుభ్రంగా తుడిచి, వాల్వులు దిగే చోట రెండు క్లే ముద్దలు పరచాలి. వాల్వుకి అంటుకోకుండా పైన కొంచెం ఆయిల్ రాయాలి. తర్వాత వాడిన పాత హెడ్ ప్యాకింగ్ వేసి, నట్లు చెప్పిన టార్క్‌కే బిగించాలి. కొత్త ప్యాకింగ్ ఇంకా అణగదు కాబట్టి ఖాళీ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. టైమింగ్ చైన్ మార్కులు కలపాలి, టెన్షనర్ తప్పనిసరిగా పెట్టాలి. చైన్ లూజుగా ఉంటే కొలత అబద్ధం చెప్తుంది. టాపెట్ సెట్ చేయాలి.

ఇప్పుడు ప్లగ్ తీసేసి, స్పానర్‌తో క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా, ఇంజిన్ తిరిగే దిక్కులోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఒక్క చుట్టు చాలదు, ఓవర్‌ల్యాప్ రాకపోవచ్చు. సెల్ఫ్ కొట్టకూడదు, కిక్ కొట్టకూడదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకండి. ఆగిందంటే ఇనుము ఇనుముని తాకింది. జవాబు వచ్చేసింది.

హెడ్డు విప్పండి. క్లేలో వాల్వు అచ్చు కనిపిస్తుంది. బ్లేడుతో అచ్చు మధ్యలో కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్నచోట కొలవండి. అమెరికా వీ8 షెడ్ల నుంచి వచ్చిన పాత లెక్క ఇది: ఇన్‌లెట్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన లెక్కలో ఇన్‌లెట్ సుమారు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ సుమారు 2.5. చిన్న ఇంజిన్లకి క్యామ్ చేసినవాళ్లు ఇంకా తక్కువ అంకె ఇవ్వొచ్చు, ఇస్తే అదే చూడండి. ఇవ్వకపోతే పాత లెక్కకి కట్టుబడి ఉండడం మేలు. వాల్వు అంచుకీ, పిస్టన్‌లో చెక్కిన గుంట గోడకీ మధ్య పక్క ఖాళీ కూడా చూడాలి, ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటే మంచిది.

ఖాళీ చాలకపోతే? మందం ప్యాకింగ్ వేయొచ్చు, కంప్రెషన్ కొంత పోతుంది. పిస్టన్ నెత్తి మీద వాల్వు గుంటలు లోతు చేయించొచ్చు, కానీ ముందు పిస్టన్ నెత్తి ఎంత మందం ఉందో చూడాలి, లేకపోతే చిల్లు పడుతుంది. క్యామ్ టైమింగ్ కొంచెం జరపొచ్చు. ముందుకు జరిపితే ఇన్‌లెట్ దగ్గరవుతుంది, వెనక్కి జరిపితే ఎగ్జాస్ట్ దగ్గరవుతుంది. అందుకే చైన్ ఒక్క పన్ను తప్పినా ప్రమాదం. క్యామ్ స్ప్రాకెట్‌కి 32 పళ్లుంటే, ఒక పన్ను తేడా అంటే క్రాంక్ దగ్గర 22 డిగ్రీల పైనే. ఏ మార్పు చేసినా మళ్లీ క్లే, మళ్లీ రెండు చుట్లు.

ఇంకో ముఖ్యమైన మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి రేసు ఇంజిన్ కట్టాలనుంటే ట్రాక్ కోసం కట్టండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఘాట్ రోడ్డు ట్రాక్ కాదు. నేను నేర్చుకున్న ఖరీదు నా ఫ్రెండ్ కట్టాడు.

చివరగా

మా బండికి కొత్త పిస్టన్, కొత్త వాల్వులు తెచ్చాక, మావయ్య చేసిన మొదటి పని ఏంటో తెలుసా? మనవరాలి స్కూల్ బ్యాగులోంచి క్లే డబ్బా తెచ్చాడు. అదే హెడ్డు, అదే క్యామ్, అదే ప్యాకింగ్ మందంతో బిగించి, స్పానర్‌తో తిప్పాడు. నేను పక్కన నిలబడ్డా. మధ్యలో ఎక్కడా ఆగలేదు. "సూసేవా, తగల్లేదు" అన్నాన్నేను, మా తప్పు కాదేమో అన్న ఆశతో. ఆయన మాట్లాడకుండా హెడ్డు విప్పి, ఎగ్జాస్ట్ వైపు క్లే కోసి వెర్నియర్ పెట్టాడు. 0.3 మిల్లీమీటర్లు. నోటుబుక్కులో మూడు కాగితాలు కలిపితే ఎంతో అంత. రెండున్నర ఉండాల్సిన చోట.

ఆయన ఆ క్లే ముక్కని పారేయలేదు. పసుపు రంగుది, షెడ్డులో టాపెట్ గేజులు పెట్టే డబ్బాలో ఉంటుంది. ఎండిపోయి పగుళ్లు తేలింది. క్యామ్ మార్చమని కొత్త కుర్రాడు ఎవడొచ్చినా ముందు అది చూపిస్తాడు. ఆ బండికి తిరిగి పాత క్యామే వేశాం. హెడ్డు చెక్కినది కాబట్టి దానికీ క్లే పెట్టి చూశాం, అప్పుడే మూత బిగించాం.

యాభై దాటిన మనిషి, ఊళ్లో పేరున్న మెకానిక్, తన మేనల్లుడి ముందు "నాకు తెలీదు, నేర్సుకుంటా" అనడం నేను చూశాను. జి.డి.నాయుడు రడ్జ్ విప్పినప్పుడు ఆయన చేసింది కూడా ఇదే కదా. కొత్త ఇంజిన్ ముందు కూర్చుని, పాత చేతిని నమ్మకుండా, తిప్పి చూడడం.

ఇప్పుడు మా షెడ్డులో ఎవరైనా హెడ్డు బిగించబోతుంటే మావయ్య లోపల్నుంచి ఒకటే అరుస్తాడు: "ఒరే, మట్టి ఎట్టేవా?"

సరే, ఈరోజుకి ఇంతే. బండ్లు జాగ్రత్త, వెనక కూర్చున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. మళ్లీ కలుద్దాం.